ట్యాంకు మూత తీస్తే చాలు

ఒక చింతగింజంత మట్టి బరువును నేను పదిహేనేళ్లకు పైగా మోస్తున్నాను. నవ్వకండి. మోసేకొద్దీ మట్టి పెరుగుతుంది. మొదట్లో చొక్కా జేబులో ఉన్నట్టుండేది. తర్వాత భుజం మీదికెక్కింది. ఈమధ్య పడుకుంటే, ఇల్లందు బొగ్గు లారీ ఒకటి లోడుతో సహా రివర్సులో వచ్చి నా గుండె మీద నిలబడ్డట్టుంటోంది.

చూశారా, అప్పుడే మొదలుపెట్టాను. అందుకే ముందే ఒప్పుకుంటున్నాను. నేను ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషిని కాను. పిల్లి ఎదురైతే ఇంటికొచ్చేసరికి దాన్ని పులిని చేస్తాను. నేను చెప్పిన ఏ లెక్కనైనా మా అమ్మ నాలుగుతో భాగించి నమ్మేది. ఇప్పుడు చిన్న చిన్న పత్రికల్లో నవ్వు పుట్టించే ముక్కలు రాసి బతుకుతున్నానంటే ఆ జబ్బు పుణ్యమే. కానీ ఈ ఒక్కటి నవ్వుకోసం రాయడం లేదు. అయినా మధ్యమధ్యలో చెయ్యి జారుతుంది. జారిన చోట మీరే భాగించుకోండి. చివర్లో, ఎక్కడ కావాలని కల్పించానో నేనే చెబుతాను. చెప్పే ధైర్యం అప్పటిదాకా నిలిస్తే.

రెండువేల ఐదు దాటిన రోజులు. ఇల్లందు దాటాక అడవి రోడ్డు మొదలయ్యే చోట నాకొక షెడ్డు ఉండేది. షెడ్డంటే నాలుగు కర్రలు, ఎనిమిది రేకులు. గాలి వస్తే రేకులు ఖమ్మం దాకా పోయి సాయంత్రానికి తిరిగొచ్చేవి. అక్కడ నేను లారీలు, జీపులు, ఆటోలు బాగుచేసేవాణ్ణి. అప్పటికి నాకు పెళ్లి కాలేదు. ఇప్పటికీ కాలేదు. దానికి కారణం ఈ సంగతేనంటే అతిశయోక్తి అవుతుంది, కాదంటే అబద్ధమవుతుంది.

ఒక శనివారం మధ్యాహ్నం బస్సు కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు. "అన్నా, ఏరు మలుపు కాడ ఒక మేడం కారు ఆగింది. నాచు రంగుది. జర పో."

స్కూటరు మీద పోయాను. షెడ్డుకు అయిదు కిలోమీటర్లు. రోడ్డు పక్కన రాయి మీద ఒకామె కూర్చుని ఎర్ర పెన్నుతో పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. చుట్టూ అడవి. ఏదో ఆఫీసు గదిలో కూర్చున్నంత నిమ్మళంగా ఉంది.

"నువ్వేనా మేస్త్రీ? కండక్టరు నీ గురించి చెప్పిండు."

"ఏం చెప్పిండు టీచరమ్మా?"

"పని వస్తది, మాటలు అంతకన్న ఎక్కువ వస్తయని."

లోపల అడవిలో, నా షెడ్డుకు యాభై అయిదు కిలోమీటర్ల అవతల ఒక గూడెం బడిలో ఆమె టీచరు. అక్కడే ఒక గది కిరాయికి తీసుకుని ఉంటుంది. ఖమ్మంలో వాళ్లమ్మ దగ్గర కూతురు చదువుకుంటోంది. శనివారం బడి అయ్యాక బయల్దేరి ఖమ్మం పోతుంది, ఆదివారం సాయంత్రం తిరిగి వస్తుంది. హైదరాబాదులో ఉన్న అన్న కొత్త కారు కొనుక్కుని పాతది చెల్లెలికిచ్చాడు. భర్త సంగతి ఆమె చెప్పలేదు, నేనడగలేదు.

ఆ కారు ఇంజెక్షన్ బండి. అప్పటికే పాతబడింది. మా వైపు మెకానిక్కులకు తెలిసినవన్నీ కార్బురేటర్ బండ్లు. ఇంజెక్షన్ అనగానే దూరం నుంచే దండం పెట్టేవాళ్లు. నాకు మాత్రం కొత్తగూడెంలో ఒక గురువు దగ్గర కొంత తెలిసింది. ఈ బండ్లలో పంపు ట్యాంకులోనే పెట్రోల్లో మునిగి ఉంటుంది. కరెంటుతో తిరుగుతూ పెట్రోలును ముందుకు తోస్తుంది. పెట్రోలు పోయిన మేరకు ట్యాంకులోకి గాలి రావాలి. నూనె డబ్బాకు ఒకే చిల్లు పెడితే నూనె రాదు, ఎదురుగా రెండో చిల్లు పెట్టాలి. కిరాణా కొట్లో ఎవరినడిగినా చెబుతారు. కారు ట్యాంకుకు ఆ రెండో చిల్లు వెనక చక్రం పక్కన చిటికెనవేలంత గొట్టం. అది మూసుకుపోతే లోపల గాలి చాలదు. పంపు ఈలవేసినట్టు ఏడుస్తుంది. మూత తీయకుండా పోనూ రానూ వంద కిలోమీటర్లు దాటేసరికి బండి ఊపిరాడక నిలబడిపోతుంది. కంపెనీ మూత అయితే దానిలోంచి కాస్త గాలి దూరుతుంది. కానీ పెట్రోలు దొంగల భయంతో ఎవరో ఆ మూత తీసేసి తాళం మూత పెట్టించారు. అది చీమను కూడా రానివ్వదు.

ఆ రోజు పెట్రోలుందో లేదో చూద్దామని మూత తీశాను. ఉస్స్ మని గాలి లోపలికి పోయింది. నీళ్లలో మునిగిన మనిషి పైకొచ్చి మొదటిసారి పీల్చినట్టు. తాళం తిప్పితే బండి స్టార్టయింది. జబ్బు ఏంటో నాకు అప్పుడే తెలిసిపోయింది. గొట్టంలో చూస్తే కుమ్మరి పురుగు గూడు కట్టి ఉంది. ఆ గూడు చూశారా, అందులో రెండు పడగ్గదులు, ఒక వరండా, పిల్లల కోసం కొట్టు నిండా తిండి. సైకిలు స్పోకుతో రెండు నిమిషాల్లో లాగేశాను. పనైపోయింది.

టీచరమ్మ పేపర్లన్నీ దిద్దాకగానీ తల ఎత్తలేదు. అరచేతిలో మట్టి పెట్టి చూపించాను. వరండా సంగతి కూడా చెప్పాను.

"ఇండ్ల ఎంత నిజం మేస్త్రీ?"

"పావు టీచరమ్మా."

"పావన్న ఉందా?" అని నవ్వింది.

నా మాటలు ఎంతోమంది విని నవ్వారు. కానీ విన్నదాన్ని తూకం వేసి, ఎంత కలిపానో లెక్కగట్టి, ఆ లెక్కతో సహా నవ్వినవాళ్లు అంతకుముందు లేరు. తర్వాతా లేరు.

మా పనిలో ఒక పద్ధతుంది. రిపేరు చేసినవాడు పక్కన కూర్చుని ట్రయల్‌కి పోవాలి. మామూలుగా రెండు కిలోమీటర్లు. ఆ రోజు ట్రయల్ కారేపల్లి దాకా సాగింది. అక్కడ దిగి బస్సెక్కి వెనక్కొస్తూ, ఆమెకు చెప్పని కథలు ఎన్ని మిగిలిపోయాయో లెక్కపెట్టుకున్నాను. స్కూటరు ఏరు మలుపు దగ్గరే మరిచిపోయానని షెడ్డుకు వచ్చాకగానీ గుర్తురాలేదు.

తర్వాత అయిదు శనివారాలు బండి చక్కగా నడిచింది. షెడ్డు ముందుకు వచ్చినప్పుడు ఆమె ఒకసారి హారన్ కొట్టి పోయేది. నేను చెయ్యెత్తేవాణ్ణి. అంతే. వారమంతా ఎదురుచూసిన దానికి ఒక్క హారను. ఏ లారీ కింద పడుకున్నా, శనివారం రెండు దాటాక నా చెవులు రోడ్డు మీదే ఉండేవి. బాగుచేసిన బండి నా ముందునుంచే బాగా పోతుంటే ఏ మెకానిక్కయినా గర్వపడతాడు. నేను ఎందుకు అంత దిగులుపడ్డాను? దానికి ఏదో పేరుంటుంది. ఆ పేరున్న సామాను నా షెడ్డులో ఎప్పుడూ దొరకలేదు.

అయిదో ఆదివారం సాయంత్రం ఆమె టైర్లలో గాలి చూపించుకోవడానికి ఆగింది. ఎదురు హోటల్లో టీ తాగి వెళ్లింది. ఆ తర్వాతి శనివారం బండి ఆగింది. అదే ఏరు మలుపు దగ్గర.

పురుగు మళ్లీ కట్టింది. ఈసారి నాకు దాన్ని లాగబుద్ధి కాలేదు.

"మల్ల పురుగేనా?" అని ఆమె అడిగితే, "కాదు టీచరమ్మా, ఈసారి పంపు. పాతబడ్డది. తట్టి లేపాలె" అన్నాను. దగ్గు వచ్చినట్టు గట్టిగా దగ్గుతూ మూత తీశాను, ఉస్స్ మనే చప్పుడు వినబడకుండా. తర్వాత బండి కింద దూరి ట్యాంకు మీద చిన్న సుత్తితో ఇరవై నిమిషాలు టక్ టక్ మని కొట్టాను. ఆ కొట్టుడు చూస్తే రాకెట్టు విప్పి మళ్లీ బిగిస్తున్నాననుకునేవాళ్లు. మళ్లీ ఆగుతుందేమో, ఈసారి ఖమ్మం దాకా పక్కనుంటానని చెప్పి ముందు సీట్లో కూర్చున్నాను.

మధ్యలో వేసవి సెలవులు పోను, అలా ఏడు శనివారాలు. నా లెక్కలో డెబ్బై. ప్రతి వారం అదే మలుపు దగ్గర బండి ఆగేది. కబురు వచ్చేది. దగ్గు, మూత, సుత్తి, ముందు సీటు. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు షెడ్డు దగ్గర ఆపి చూపించుకొమ్మన్నాను, ఆపేది. మళ్లీ ఒక దగ్గు, మళ్లీ ఒక మూత. బండికి నేను లేకపోతే గడవదని ఆమె నమ్మింది. నేనూ నమ్మాను. అది ఇంకా విడ్డూరం.

ఆ ప్రయాణాల గురించి చెప్పమంటే ఏం చెప్పను? ఏమీ జరగలేదు. నేను మాట్లాడేవాణ్ణి, ఆమె భాగించేది. టేకాకుల మీద ఎండ, కిటికీలోంచి ఇప్పపూల వాసన, ఖమ్మం దగ్గరికి వచ్చేసరికి మిర్చి యార్డు ఘాటు. ఆ ఘాటుకు ఇద్దరం ఒకేసారి తుమ్మేవాళ్లం. తుమ్మి ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లం. నాకు మిగిలిన ఆస్తి అదే. ఇప్పటికీ ఎండుమిర్చి బస్తా పక్కనుంచి పోతే తుమ్మొస్తుంది, తుమ్మగానే పక్కకు చూస్తాను.

కూతురి సంగతి ఆమె ఒకే ఒక్కసారి చెప్పింది. "మా అమ్మకు చూపు ఆనదు మేస్త్రీ. బిడ్డకు జడ వేస్తది గని పాపిట వంకర పోతది. శనివారం పోంగనే ముందు అదే విప్పి మల్ల తీస్త. అయిదేండ్ల సంది వారానికి ఒక్కరోజే నా బిడ్డ పాపిట సక్కగుంటది." ఆ మాటకు నేను ఏ కథా కలపలేదు. తర్వాతి శనివారం మాత్రం ఎప్పటిలాగే దగ్గాను.

అప్పుడే వానలు పట్టాయి. ఒక ఆదివారం సాయంత్రం ఆమె షెడ్డుకు వచ్చింది. మొహం వెలిగిపోతోంది. చేతిలో ఏదో కాగితం.

ఈ మాటలు మాత్రం నేను అక్షరం మార్చకుండా రాస్తున్నాను. ఎన్నిసార్లు విన్నానో. నాలోపల.

"బుధవారం బదిలీల కౌన్సెలింగు మేస్త్రీ. ఖమ్మంల. పొద్దున పది గంటలకు మొదలు. ఈసారి నా నంబరు ముందున్నది. అమ్మ ఇంటికి నడిచి పోయేంత దూరంల ఒక బడి ఖాళీగున్నది."

"మంచిదే కద టీచరమ్మా."

"బడి రికార్డులు అప్పజెప్పేటియి ఉన్నయి. మంగళారం దాక అక్కడనే ఉండాలె. బుధవారం తెల్లారంగనే బండి తీస్త. ఆగదు కద?"

"ఆగదు."

"అనుమానముంటే ఇప్పుడే చెప్పు. మంగళారం సాయంత్రం బస్సుకే పోత. పేరు పిలిచినప్పుడు ఎదురుగ లేకుంటే వెనకోళ్లు కోరుకుంటరు. మనకు మిగిలిందే ఇస్తరు."

"ఆగదంటున్న కద."

"పావు నిజమా, పూర నిజమా?"

"పూర."

ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుని ఎదురు హోటలుకు టీకి పోయింది. నేను బండి కింద దూరాను. చేతిలో స్పోకు ఉంది. రెండు నిమిషాల పని. గొట్టం నా కళ్ల ముందుంది. పొడవలేదు.

ఆమె బాగు నేను కోరలేదా? కోరాను. ఒట్టు. కానీ ఆ బదిలీ జరిగితే ఆ నాచు రంగు కారు ఇక ఈ అడవి రోడ్డు ఎక్కదు. హారను ఉండదు. మలుపు ఉంటుంది, ఏరు ఉంటుంది, నేనుంటాను. అప్పుడు నేను వేసుకున్న లెక్క ఇది: బుధవారం తెల్లవారుజామునే ఏరు మలుపు దగ్గర కాచుకుంటాను. ఏడున్నరకు బండి ఎప్పటిలాగే అక్కడ ఆగుతుంది. ఈసారి సుత్తీ గిత్తీ ఏమీ ఉండదు. నిమిషంలో మూత తీస్తాను, పక్కన కూర్చుంటాను, తొమ్మిదికల్లా ఖమ్మంలో దింపుతాను. ఆమెకు బదిలీ, నాకు ఒక్క ప్రయాణం. చివరిది. ఒక్కటంటే ఒక్కటి. ఎవరికి నష్టం? చూడండి, ఎంత సాఫీగా ఉందో. తప్పుడు లెక్కలకు ఎప్పుడూ అలాంటి నునుపుంటుంది.

బుధవారం ఏరు మలుపు దగ్గర ఆరింటికే నిలబడ్డాను. వాన. నా అలవాటు ప్రకారమైతే గోదావరి నిలువుగా నిలబడి కురిసిందనాలి. వద్దు. మామూలు ముసురే. ఏడున్నరయింది. ఎనిమిదయింది. బస్సు కూడా లేదు, వాగు పొంగితే అది రాదు. బహుశా బండి ఆగకుండా ముందే వెళ్లిపోయిందేమో అనుకున్నాను. అనుకుంటే సంతోషం కలగాలి. కలగలేదు, అదీ రాస్తున్నాను.

ఎనిమిదిన్నరకు వెదురు లారీ ఒకటి వచ్చింది. డ్రైవరు నన్ను చూసి ఆపాడు.

"నువ్విక్కడున్నవేంది మేస్త్రీ? నీ కోసమే వస్తున్న. నీ టీచరమ్మ కారు పదిహేను కిలోమీటర్ల లోపల ఆగింది. గంటన్నరైందంట. లారీల ఎక్కుమంటే, ముందట వాగు దాటుతదో లేదో అని భయపడ్డది. నిన్ను జల్దీ పంపమన్నది."

ఎండకు ట్యాంకు పొంగుతుంది, వానకు చల్లబడి కుంగుతుంది. కుంగితే ఊపిరి ఇంకా ముందే ఆగిపోతుంది. మొదటి పాఠం. నా గురువు కొట్టి నేర్పిన పాఠం. శనివారాల ఎండలు చూసి చూసి, వాన సంగతి మరిచిపోయాను. ఆ లెక్కలో అన్నీ వేసుకున్నాను, ఒక్క మెకానిక్కుకు తెలియాల్సింది తప్ప.

అప్పటికి కాస్త తగ్గిన వాగు దాటి స్కూటరు మీద వెళ్లేసరికి తొమ్మిదయింది. ఆమె రాయి మీద కూర్చుని లేదు. బండి కింద ఉంది. బదిలీ కోసం కట్టుకున్న కొత్త చీర మొత్తం ఎర్ర మట్టి. చేతిలో ఒక గుండ్రాయి. ట్యాంకు మీద తడుతోంది. టక్ టక్ మని, మెల్లగా, నేను తట్టినట్టే, అదే చోట. రెండున్నర గంటలుగా. మూత తాళంచెవి ఆమె తాళాల గుత్తిలోనే ఉంది, బండి తాళం పక్కనే వేలాడుతోంది. ఒక్కసారి తిప్పితే చాలునని ఆమెకు తెలియదు. తెలియకుండా చేసింది నేను.

నేను దగ్గలేదు. మరిచిపోయాను. మూత తీయగానే ఆ ఉస్స్ మనే శబ్దం అడవంతా వినబడ్డట్టయింది.

బండి కిందినుంచి ఆమె గొంతు. "ఏంది ఆ చప్పుడు?"

"గాలి టీచరమ్మా."

"ఇగ నడుస్తదా?"

నడుస్తుంది. ఆ క్షణంలోనే నడుస్తుంది. అవ్ అంటే చాలు. కానీ అవ్ అంటే, మూత తీస్తే చాలునని ఆమెకు అర్థమైపోతుంది. ఏడు శనివారాలు, సుత్తి, ముందు సీటు, అన్నీ ఆ ఒక్క మాటతో కూలిపోతాయి. ఆమె చూపు నా మీద ఎలా పడుతుందో నాకు కనబడింది.

"ఆగండి, పంపు చూడాలె" అన్నాను.

ఆమె పక్కకు జరిగింది. నేను కింద దూరి కొట్టాను. ఇరవై నిమిషాలు. ఒక్క నిమిషం తగ్గించినా అనుమానం వస్తుందని ఇరవై నిమిషాలూ కొట్టాను. ఆమె నా తల దగ్గర నిలబడి చేతి గడియారం చూసుకుంటోంది. నా మొహం మీద చీర అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె తడిసింది అంతగా.

తొమ్మిదీ ఇరవైకి బయల్దేరాం. నేనే నడిపాను. రోడ్డు మీద గుంతలు చూడలేదు. దారిలో ఒక్క కథ చెప్పలేదు. మిర్చి యార్డు దగ్గర ఇద్దరికీ తుమ్ము రాలేదు. వాన ఘాటును అణచేసిందేమో.

కౌన్సెలింగు జరిగే హాలు గోడకు పెద్ద గడియారం ఉంది. పదకొండు దాటి పది నిమిషాలు. ఆమె పేరు మూడుసార్లు పిలిచి పావుగంట అయిందన్నారు. పావుగంట. నేను ఇరవై నిమిషాలు కొట్టాను. ఈ రెండు అంకెల్నీ దేనితోనూ భాగించకండి. గడియారం నాది కాదు, ఆ గోడది.

సాయంత్రం ఆమె బయటికి వచ్చింది. నేను మెట్ల మీదే నిలబడి ఉన్నాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ చెప్పింది. "గోదావరి అవతల. భద్రాచలం దాటి ఇంకా లోపలికంట." నా మొహం చూసి, నన్నే ఓదార్చింది. "నువ్వేం చేస్తవ్ మేస్త్రీ, వానకు. నువ్వు రాకుంటే ఈ మాత్రం కూడ అందకపోవు."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? నోరు తెరిచాను. తెరిచి, "టీ తాగుతరా" అన్నాను.

వాళ్లమ్మ ఇంటి ముందు బండి ఆపాను. లోపలినుంచి పదేళ్ల పిల్ల పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, వచ్చిందా?"

"వచ్చింది బిడ్డా. జర దూరం వచ్చింది."

పిల్లకు ఎంత దూరమో అర్థం కాలేదు. మెట్టు మీద తల్లి ముందు వెనక్కి తిరిగి కూర్చుంది. వారం మధ్యలో తల్లి దొరకడమే దానికి పండుగ. మట్టి చీరతోనే ఆమె జడ విప్పి, వేలితో నుదుటి నుంచి పాపిట తీసింది. నిటారుగా. గీత గీసినట్టు. నేను బండి వెనక్కి పోయి, వంగి, జేబులోంచి స్పోకు తీసి గొట్టంలో పెట్టి లాగాను. చింతగింజంత మట్టి అరచేతిలో పడింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత ఆ బండి ఎక్కడా ఆగలేదని విన్నాను. నది దాటించి ఎందుకులే అని, ఆమె దాన్ని ఆ నెల్లోనే అమ్మేసిందట.

ఒక్కసారి వెళ్లాను. రెండేళ్ల తర్వాత. భద్రాచలం దాకా బస్సు, అక్కడినుంచి జీపు, ఆ తర్వాత నడక. చెప్పేద్దామనే వెళ్లాను. బడి వరండాలో ఆమె కూర్చుని ఉంది. ముందు నలభైమంది ఆడపిల్లలు వరసగా. కాదు, నలుగురు. ఒక్కొక్కరికి పాపిట తీసి జడ వేస్తోంది. ఎవరి పిల్లలో. అందరి పాపిటలూ నిటారుగా ఉన్నాయి. ఖమ్మంలో ఒక పాపిట ఆ పొద్దున కూడా వంకరగానే ఉండి ఉంటుంది. నది ఇవతలికి రావడానికి ఇప్పుడామెకు నెలకొకసారి కుదిరితే గొప్ప. ప్రహరీ బయట మామిడిచెట్టు కింద కాసేపు నిలబడి, తిరిగొచ్చేశాను. ఆమె తల ఎత్తి ఉంటే? ఎత్తలేదు. నేను పిలవలేదు.

ఆమెను దగ్గరుంచుకోవాలని చేసిన పని ఆమెను నది దాటించింది. అది నాకు తగిన శిక్షేనని అప్పుడప్పుడూ సర్దిచెప్పుకుంటాను. కానీ నా శిక్షను ఆ పిల్ల ఎందుకు పంచుకోవాలి?

ఇక మాట ఇచ్చిన సంగతి. ఇందులో ఏది కల్పించానో చెబుతానన్నాను. గూటిలో పడగ్గదులు, రేకులు ఖమ్మం దాకా ఎగరడం, రాకెట్టు, అవి మీరు ఎప్పుడో భాగించేసి ఉంటారు. అవి కావు.

మొదటిసారి గూడు నిజం. కుమ్మరి పురుగే కట్టింది. స్పోకుతో లాగాను, ఆమెకు చూపించాను. రెండోసారి పురుగు రాలేదు. నేను లాగేశాక అది ఆ గొట్టం వైపే చూడలేదు. అయిదో ఆదివారం, ఆమె టైర్లలో గాలి కోసం ఆగి ఎదురు హోటల్లో టీ తాగుతుంటే, షెడ్డు వెనక పుట్టమన్ను తడిపి ముద్ద చేసి, బండి కింద దూరి ఆ గొట్టంలో కుక్కింది నేను. ఎండి రాలిపోతుందేమోనని ఆదివారం ఆదివారం కొత్తది పెట్టాను. "పూర" అని చెప్పిన ఆ సాయంత్రం నేను గొట్టాన్ని పొడవకుండా వదిలేశానని రాశాను. అది అబద్ధం. స్పోకు జేబులోనే ఉంది. చేతిలో ఉన్నది తడి మట్టి. అంతకుముందు వారాలకన్నా ఇంకొంచెం లోపలికి, ఇంకొంచెం గట్టిగా, బొటనవేలితో నొక్కాను.

ఇన్నేళ్లూ నాలో నేను చెప్పుకున్నప్పుడు కూడా పురుగు మీదికే నెట్టాను. చూసి ఊరుకున్నవాడి పాపం సగమేనని. చేసినవాణ్ణని ఈ కాగితం మీద తప్ప ఎక్కడా ఒప్పుకోలేదు. ఆమె ఇది చదువుతుందో లేదో తెలియదు. చదివితే అడిగే ప్రశ్న మాత్రం తెలుసు. ఎంత నిజం మేస్త్రీ?

పూర, టీచరమ్మా. ఈసారి పూర.

రాసి పెన్ను పక్కన పెట్టాను. దేన్నీ క్షమించమని అడగడం లేదు. ఛాతీలోకి కాస్త గాలి పోయింది. అంతే.